శామీర్‌పేట దాటాక తెగే లైను

కరోనా సద్దుమణిగిన ఏడాది నన్ను తుర్కపల్లిలోని ఒక ఔషధ పరిశోధన సంస్థకు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. నా సర్వీసులో అదే చివరి పోస్టింగ్. సర్వర్లను నడిపించడం, అవి మొరాయిస్తే తిట్లు తినడం నా విధులు.

సాయంత్రం కంపెనీ క్యాబ్ ఎవరికోసమూ ఆగదు. కొందరు అనలిస్టులు తెరిచిన ల్యాప్‌టాప్‌ను పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని ఎక్కేవారు. ఎందుకో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. కౌకూర్ వెళ్లే స్వరూపను అడిగాను.

“మూస్తే లైను తెగుతది సార్. గప్పుడు సర్వర్ల నా రన్ గూడ సస్తది. రెండుసార్లు గట్లనే అయింది,” అంది.

రన్ అంటే జన్యు సమాచారాన్ని పోల్చే సుదీర్ఘమైన లెక్క, తెల్లవార్లూ నడవాలి. ఫోన్ హాట్‌స్పాట్‌తో లాక్కొచ్చినా శామీర్‌పేట దాటాక సిగ్నల్ పోయేది. ఆమె ప్రొబేషన్‌లో ఉంది. శుక్రవారంలోగా ఫలితం ఇవ్వకపోతే ఉద్యోగం ఖాయం కాదు.

దీనికి మందు మా సర్వర్లోనే ఉంది. దాన్ని టెర్మినల్ మల్టిప్లెక్సర్ అంటారు. సర్వర్లోనే ఒక సెషన్ తెరిచి, పనిని అందులో మొదలుపెడతాం. మన తెరను విడదీసుకుని వెళ్లిపోయినా పని సాగుతుంది. తర్వాత వచ్చి మళ్లీ తగిలించుకోవచ్చు. ఒక విండోలో రన్, పక్క విండోలో అది ఎంతవరకు వచ్చిందో చెప్పే లాగ్. అంతా నేర్పాను. స్వరూప బుద్ధిగా తలూపి రన్‌ను ఆ సెషన్‌లోనే మొదలుపెట్టింది, ల్యాప్‌టాప్ మాత్రం మూయలేదు. తేల్చుకుందామని నేనూ అదే క్యాబ్ ఎక్కాను.

శామీర్‌పేట దాటాక లైను తెగింది. ఆమె ముఖం పాలిపోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ ఫోన్‌లో సిగ్నల్ గీతలనే చూస్తూ కూర్చున్నాను. బొల్లారం దగ్గర సిగ్నల్ రాగానే సెషన్ తగిలించుకుంది. లాగ్‌లో వరుసలు కదులుతున్నాయి.

“సస్తలేదు సార్, నడుస్తనే ఉంది!” అని ల్యాప్‌టాప్ టప్పున మూసేసింది.

శుక్రవారం ఫలితం అందింది, ఉద్యోగం ఖాయమైంది. మిగతావాళ్లూ నేర్చుకున్నారు. ఒకరి సెషన్ ఇంకొకరు పొరపాటున మూయకుండా, తమ సెషన్‌కు ఎవరు దిగే చోటు పేరు వాళ్లు పెట్టుకున్నారు: కౌకూర్, గండిమైసమ్మ, మేడ్చల్. ఉదయం సర్వర్ తెరిస్తే నాకు క్యాబ్‌ల రూటంతా కనిపించేది.

డ్రైవర్ యాదగిరి ఒక్కడే గొణిగాడు. “అందరు మస్తు నిద్ర వోతున్రు సార్. ఇగ ఒక్కొక్కర్ని లేపి దింపుడైతాంది.”

సర్వర్ గదిలో కూర్చుంటే రన్‌లు ఆగిపోవడం నాకు నెట్‌వర్క్ సమస్యగానే కనిపించేది. పని ఎక్కడ తెగుతోందో తెలియాలంటే, ఆ పని చేసేవాళ్లతో ఇంటిదాకా ప్రయాణించాలి.