అడిగాక ఆగాలి

నాకు ఓపిక తక్కువ. నేను ఒప్పుకోకపోయినా ఇల్లందులో మా వీధంతా ఒప్పుకుంటుంది. టేకులపల్లి దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతాను. పొద్దున బస్సెక్కేటప్పుడు ముందున్న మనిషి మెట్టు మీద నిలబడి చిల్లర వెతుక్కుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలాంటి నన్ను తీసుకొచ్చి, ప్రతి ఎత్తుకూ ఆగాల్సిన ఆటలో కూర్చోబెట్టింది మా మేనకోడలు.

ఆ పిల్ల మా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. ఖమ్మంలో హాస్టల్లో ఉండి నర్సింగు చివరి ఏడాది చదువుతోంది. శనివారం సాయంత్రం ఇంటికొస్తుంది, ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో వాలుతుంది. నెమ్మదైన పిల్ల. వాక్యం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, సరైన మాట దొరికాక మళ్లీ అందుకుంటుంది. మా ఇంట్లో అలాంటివాళ్లు నెగ్గుకురావడం కష్టం. ఎదుటివాళ్ల వాక్యాలు కూడా మేమే పూర్తి చేసే రకం మేము.

హాస్టల్లో ఎవరో నేర్పారట, ఒకసారి డబ్బా నిండా బొమ్మల కార్డులు తెచ్చింది. ఒక్కో కార్డు మీద ఒక భూతమో, కత్తి పట్టిన వీరుడో ఉంటాడు. కింద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఆ కార్డు చేసే పని రాసి ఉంటుంది. దాన్ని ఎఫెక్ట్ అంటారు. ఎదుటివాళ్ల భూతాన్ని చంపడమో, మన వీరుణ్ణి కాపాడుకోవడమో అన్నమాట. కళ్లజోడు పెట్టుకుని ఒకటి చదివి, ఇదేం బ్రహ్మవిద్య అనుకుని, టపీమని నేల మీద వేశాను. ఆమె భూతాన్ని తీసి పక్కన పడేయబోయాను.

"ఆగు అత్తా. అది ఇంకా సావలే."

"సావకపోవుడేంది? కార్డేసిన గదనే."

"వేసినవ్. గంతే. దాని పని ఇంకా జరగలే. నా దగ్గర జవాబు ఉన్నదా అని ముందు నన్ను అడగాలె. నేను లేదంటేనే నీది జరుగుతది."

"ఉంటే?"

"ఉంటే ముందు నాది జరుగుతది. తర్వాతే నీది."

వెనక వేసినదాని పని ముందు జరగడమేమిటి, ఇదెక్కడి న్యాయమే అని కాసేపు కొట్లాడాను. ఆ పిల్ల నవ్వింది తప్ప రూలు మార్చలేదు. తన ముందు బోర్లించి పెట్టుకున్న ఒక జవాబు కార్డును చూపించి చెప్పింది. అది తన వంతులోనే కాదు, నా వంతులో కూడా తిప్పొచ్చట. కాకపోతే దానికో సమయం ఉంది. నేను కార్డు వేశాక, ఆ కార్డు పని జరగకముందు. ఆ సందులో తిప్పితే చెల్లుతుంది. జరిగిపోయాక తిప్పితే అది వట్టి అట్టముక్క.

నాలుగైదు ఆదివారాలకు అడగడం వచ్చింది నాకు. ఆగడం మాత్రం రాలేదు. "ఉన్నదా? లేదు గదా, సరే," అని నేనే అడిగి, నేనే చెప్పుకుని, నేనే భూతాన్ని చంపేసేదాన్ని. బడిలోనూ అంతే. "అర్థమైందా? సరే, పేజీ తిప్పండి." పిల్లలు నోరు తెరిచే లోపల తర్వాతి పద్యంలో ఉంటాను.

"అడిగినంక ఆగాలె అత్తా," అనేది ప్రతిసారీ. విసుక్కోకుండా అనేది. అదే నాకు ఇంకా మండేది.

క్రిస్మస్ పోయాక ఆ పిల్లకు సంబంధం వచ్చింది. పిల్లగాడు చర్లలో సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. మంచివాడు, నెమ్మదస్తుడు, నాకూ నచ్చాడు. కట్నం మాట కూడా ఎత్తలేదు వాళ్లు. ఒక్కటే అన్నారు. పిల్లగాడి నాయనమ్మకు ఒంట్లో బాగుండడం లేదు, ఆమె కళ్లముందు పెళ్లి జరిగిపోవాలి. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో మా వాళ్లు పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి అవి రాకముందే ముహూర్తం అన్నారు.

పిల్లను అడగలేదని ఎవరూ అనలేరు. అందరి ముందూ మా తమ్ముడే అడిగాడు.

"ఏం బిడ్డా, ఇష్టమేనా?"

ఆమె తలెత్తింది. పెదాలు కదిలాయి కూడా. అంతలో మా మరదలు, "ఇష్టం గాక ఏంది, గసొంటి పిల్లగాడు దొరుకుతడా," అంటూ లడ్డూల పళ్లెం అందుకుంది. నేను కూడా ఒక లడ్డూ తీసుకున్నాను.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వరుసగా ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి జరగబోతోంది, న్యాయమైన అడ్డు ఏదైనా ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి అని. ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నాను, ఒక్కరు కూడా లేచి ఏమీ చెప్పగా చూడలేదు. పాస్టరు అయ్యగారు కూడా ఎవరో చెబుతారని చదవరు. "ఇప్పుడే తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన, పాటల పుస్తకము తీయండి" అని ఒకే ఊపిరిలో కానిచ్చేస్తారు.

మొదటి ప్రకటన అయిన మధ్యాహ్నం మేమిద్దరం ఆటకు కూర్చున్నాం. నేను కార్డు వేసి, అడిగి, ఎప్పటిలాగే ఆమె కార్డు తీసేయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను లేదు అనలే."

"నువ్వు ఏమీ అనలే."

"ఏమీ అనకపోతే లేదు అన్నట్టు కాదు అత్తా."

అంటూనే ఏడ్చింది. చప్పుడు లేకుండా, కార్డుల మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. అప్పుడు చెప్పింది, మధ్యమధ్యలో ఆగుతూ. నర్సింగులో చివరి ఏడాది ఇన్ని గంటలు అని వార్డులో డ్యూటీ చేస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. పెళ్లయి అంత దూరం చర్ల పోతే అక్కడి నుంచి ఖమ్మం రావడం అయ్యే పని కాదు, ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. గంటలు తగ్గితే పరీక్ష పోయింది. పరీక్ష పోతే ఇన్నేళ్ల చదువూ పోయినట్టే.

"పిల్లగాడు నచ్చలేదా?"

"నచ్చిండు. పెళ్లి వద్దని గాదు. ఇప్పుడు వద్దు."

"మరి ఇంట్ల చెప్పకపోయినవా?"

"చెప్పిన. అమ్మకు చెప్పిన, నాయనకు చెప్పిన. సగం చెప్పేటాల్లకు, పెళ్లయినంక రాసుకోవచ్చు తియ్యి అంటరు. ఇంక మిగిలింది ఎట్ల చెప్పాలె?"

నేను ఆగలేకపోయాను. చెప్పులేసుకుని తమ్ముడింటికి పోయాను. సింగరేణిలో ఎలక్ట్రీషియన్ వాడు, చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. కానీ పెళ్లిపత్రికలు అచ్చుకిచ్చి వచ్చి అప్పుడే కూర్చున్నాడు.

"ఇప్పుడేందక్కా? అడిగినప్పుడు చెప్పాలె గద. ఆలస్యం అమృతం విషం అంటరు. పాపం ఆ ముసలామెకు ఏమన్నా అయితే ఆ ఉసురు ఎవరికి?"

నేను గొంతు పెంచాను. వాడు ఇంకా పెంచాడు. మా మరదలు, "వదినా, శుభమా అని పెళ్లి పెట్టుకుంటే నీ కొట్లాట ఏంది," అంది. గంటసేపు ముగ్గురం అరుచుకున్నాం. నా వెంటే వచ్చిన పిల్ల గడప దగ్గరే నిలబడి ఉంది. మేం అరిచింది ఆమె గురించే అయినా, ఆమెను ఒక్కమాట అడగాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నా వెనకే వచ్చింది.

"నువ్వు చెప్తే కొట్లాటే అయితది అత్తా. నేను చెప్త. జర ఆగి వింటే చాలు."

ఆ వారమంతా ఆ మాట నన్ను సలిపింది. పాఠం చెబుతున్నా అదే, బస్సులో కూర్చున్నా అదే. పెళ్లి అనుకున్నారు, కానీ ఇంకా జరగలేదు. అంటే సమయం దాటలేదు. ఎవరైనా ఆగాలి, అంతే. మా ఇంట్లో ఆగేవాళ్లు ఎవరున్నారు?

రెండో ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు బెంచీ మీద ఆమె నా పక్కనే కూర్చుంది. అయ్యగారు ప్రకటన మొదలుపెట్టారు. పేర్లు చదివారు. అడ్డు ఏదైనా తెలిస్తే చెప్పమన్నారు. అదే ఊపిరిలో, "ఇది రెండవ ప్రకటన, పాటల పుస్తకము..."

నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, జర ఆగండి."

సంఘమంతా ఇటు తిరిగింది. మగవాళ్ల వైపు మా తమ్ముడి మొహం కందగడ్డ అయింది. అయ్యగారు కళ్లజోడు పైకి జరుపుకున్నారు.

"ఏందమ్మా, నీకేమన్నా అభ్యంతరం ఉన్నదా?"

"నాకేం లేదయ్యగారూ. మీరు అడిగిన్రు గద. అడిగినంక జవాబు కోసం జరసేపు ఆగాలె. ఆగమంటున్న, గంతే."

అని కూర్చున్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు పెద్దమనిషి. ఏమనుకున్నారో గానీ పుస్తకం మూసి నిలబడ్డారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నా పక్కన పిల్ల కదల్లేదు. నా నాలుక మీద వంద మాటలున్నాయి. దీనికి పరీక్షలున్నాయి, ఈ పెళ్లి ఇప్పుడు వద్దు అని ఒక్క అరుపు అరిస్తే అయిపోతుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టపడింది లేదు.

ఆమె లేచింది.

"నాకు పెళ్లి ఇష్టమే," అంది. ఆగింది. ఎవరూ అందుకోలేదు. చర్చిలో మధ్యలో అందుకోవడానికి ఎవరికీ నోరు రాదు. "ఇప్పుడు చేస్తే నా చదువు పోతది. డ్యూటీలు అయ్యి, పరీక్ష రాసినంక చేయుండ్రి." మళ్లీ ఆగింది. "గంతే అయ్యగారూ. గిదే చెప్పాలనుకున్న."

కూర్చుంది. నేను చెయ్యి పట్టుకున్నాను.

మా తమ్ముడు లేచాడు. ఎన్నడూ దాటనివాడు నడవ దాటి ఆడవాళ్ల వైపు వచ్చి, కూతురి ముందు నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను, అబద్ధమెందుకు.

"ఇంట్ల చెప్పకపోయినవా బిడ్డా? గిందర్ల ముంగట చెప్తివి."

"ఇంట్ల చెప్పిన నాయనా. ఈడ ఆగి విన్నరు."

అయ్యగారే పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేదాకా వాడు అక్కడే, ఆడవాళ్ల బెంచీ పక్కనే నిలబడి ఉన్నాడు.

బయటికొచ్చాక చర్చి ఆవరణలోనే చర్లకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. పిల్లగాడి నాయన ఎత్తారు.

"బావగారూ, మా బిడ్డ మాట్లాడుతది. జర మొత్తం వినుండ్రి," అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు. మధ్యలో మా మరదలు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. పిల్ల డ్యూటీల సంగతి, పరీక్షల సంగతి తనకు కావలసినంత సమయం తీసుకుని చెప్పింది. ఎండలో నిలబడి విన్నాం.

అవతలాయన మొత్తం విన్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"మాకు చెప్పలేదమ్మా ఇదంత. మాదేం లేదు గని, మా అమ్మ ఉన్నది గద. ఆమె కోసమే తొందర..."

వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"నా కోసమా? నన్నెవరన్నా అడిగిన్రా?"

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఇప్పుడు ఆ గొంతు దగ్గరగా వచ్చింది.

"ఏ బిడ్డా, నర్సువా నువ్వు? మంచిగ చదువుకోని రా. నేనేడికీ పోతలేను. తొందరని నేనెన్నడూ అనలే, ఈళ్లే అనుకున్నరు."

ఈసారి మా తమ్ముడు మధ్యలో అందుకోలేదు, మా మరదలూ అందుకోలేదు. చర్లలో కూడా ఎవరూ అడ్డుపడలేదు. ముసలామె ఒక్కతే, ఇన్నాళ్లకు అవకాశం దొరికినట్టు, తీరిగ్గా మాట్లాడుతూ పోయింది.