జాబితాలో మూడో పేరు

ప్రతి సోమవారం పొద్దున్నే గుద్రున్ వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దేది. భర్త ఓద్వార్ ఆ పెట్టె పట్టుకుని ఓస్లోలోని పార్లమెంటుకు బయలుదేరేవాడు. అక్టోబరులో ఆయన పోయాక సోమవారాలు ఆమెకు ఎంతకీ గడిచేవి కావు.

అక్కడ ఉప ఎన్నికలు ఉండవు కాబట్టి ఓద్వార్ సీటు పార్టీ జాబితాలో రెండో మనిషికి వెళ్ళింది. అతను మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మూడో పేరు గుద్రున్‌ది. జాబితా నింపడానికి భార్యల పేర్లు రాసెయ్యడం అక్కడి పార్టీకి అలవాటు. పిలుపు అంతదాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

పార్టీ కార్యదర్శి ఐవిన్ ఆమె వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఒక్క ఓటు తేడా వదినా. రేపు బడ్జెట్ ఓడితే దిగిపోతానని ప్రధాని అనేశాడు. మేం చెప్పిన మీట నొక్కు, చాలు."

"అందులో మన కాన్పుల ఆసుపత్రి మూసేస్తున్నారుగా?"

"ముందు ప్రభుత్వం నిలబడాలి కదా!"

"అది మూస్తే రెండు గంటలు పడవలో నొప్పులు పడేది నువ్వు కాదుగా. మూయనివ్వనని మీ అన్న ఇంటింటికీ తిరిగి చెప్పాడు."

"అన్నయితే పార్టీ మాట దాటేవాడు కాదు. ఇంట్లో ఉండేదానివి, రాజకీయాలు నీకేం తెలుసు?"

"తెలియనిదాని పేరు ఎందుకు రాశారయ్యా? ఆసుపత్రి ఉంచితే నా ఓటు మీదే, లేదంటే మీ ప్రభుత్వం పడిపోనీ. ఒక్కదాని ఓటుకు పడిపోయేది మాత్రం ఎన్నాళ్ళు నిలబడుతుంది?"

గుద్రున్ కోటు తొడుక్కుంది.

"పడవ వేళయింది. తలుపేసి వెళ్ళు."

అతను తాగిన కప్పును చూసింది. కడగకుండా అక్కడే వదిలేసి మెట్లు దిగింది.