తమ్ముడు ఊడ్చిన ఫోల్డర్

మా తమ్ముడు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే దిగిపోయాడు. వాడి గురించి చెప్పుకోవలసినది ఆఫీసులో లేదు. ఇంట్లో, బట్టలు ఆరేసుకునే వెనక గదిలో ఉంది. కంప్యూటర్ తెర మీద తెరుచుకునే కిటికీలకు చట్రాలు వేసి, ఏది ముందుకు రావాలో ఏది వెనక్కి తగ్గాలో చూసుకునే ప్రోగ్రాం ఒకటి ఇరవై రెండేళ్ళ క్రితం అక్కడే కూర్చుని రాశాడు. నత్తనడక నడిచే పాత కంప్యూటర్ల కోసం. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టాడు. మా మరదలు వాడికి కిటికీల మేస్త్రి అని పేరు పెట్టింది.

"లోకంలో కిటికీలన్నీ ఈయనే చూసుకోవాలి బావగారూ. మా వంటింటి కిటికీ రెక్క మాత్రం మూడేళ్ళుగా తాడుతో కట్టి ఉంది," అనేది.

వాడు నవ్వి ఊరుకునేవాడు. నాతో మాత్రం, "ఆరేళ్ళుగా ఒక్క ఫిర్యాదు లేదన్నయ్యా. చక్కగా నడుస్తోందన్నమాట," అనేవాడు.

పోయిన ఏడాది ఎక్కడి నుంచో ఒక బడి పంతులమ్మ ఉత్తరం రాసింది. వాళ్ళ బడిలో పాత కంప్యూటర్లన్నీ ఈ ప్రోగ్రాంతోనే నడిచాయట. ఇప్పుడు ఎవరో వాడి వదిలేసినవి మరో పది ఇచ్చారు, వాటిలో ఇది తయారవడం లేదు, కాస్త చూడగలరా అని.

రాసిన ప్రోగ్రాంను నడిచే రూపానికి తెచ్చే ఏర్పాటును బిల్డ్ అంటారు. వాడి బిల్డ్ ఇరవై రెండేళ్ళ అతుకుల బొంత. నాలుగు నెలలు కూర్చుని శుభ్రం చేశాడు. కాలం చెల్లిన ఆదేశాలు తీసేశాడు, ఒకే పనికి మూడు చోట్ల రాసినవాటిని ఒకచోటికి తెచ్చాడు. చివరికి, పాత బిల్డులు మిగిల్చిన చెత్త ఉండే ఫోల్డర్‌ను తుడిచేసి, ప్రోగ్రాంను మొదటి నుంచి కట్టమని కంప్యూటర్‌కు చెప్పాడు. అన్నేళ్ళలో అలా ఎన్నడూ కట్టి చూడలేదు. ఎప్పుడూ పాతదాని మీదే కొత్తది. సగంలో ఆగిపోయింది. ఒక ఫైలు లేదు.

చట్రాల కొలతలూ కదలికలూ అన్నీ అందులోనే ఉన్నాయి. రెండేళ్ళు పట్టి చేత్తో రాసుకున్న ఫైలు. ఆరేళ్ళ క్రితం పొరపాటున ఆ చెత్తలో దాచి, ఇంటర్నెట్‌లో పెట్టడం మరిచిపోయాడు. నకలున్న డిస్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఈ ఆరేళ్ళూ వాడి కంప్యూటర్‌లో అంతా సవ్యంగా తయారైంది. బయట ఎవరికీ తయారవలేదు. జనం ఒకసారి ప్రయత్నించి, నోరెత్తకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"బతికిపోయానన్నయ్యా! నీ కంప్యూటర్‌లో ఉంటుంది. ఐదేళ్ళ క్రితం ఫోల్డర్ మొత్తం తెచ్చి పెట్టాను, గుర్తుందా?"

గుర్తుంది. రెండు వారాలు వాడాను. చేయి తిరగక, రిపేరు షాపతనితో తీయించేశాను. వాడు అడిగినప్పుడల్లా "దివ్యంగా ఉందిరా" అన్నాను. సగం చదివి మూసేసిన పుస్తకాన్ని బాగుందని రాసినవాడికి చెప్పడం నాకు అలవాటే.

"ముందు టీ తాగరా," అన్నాను.

"టీకేం తొందర? నువ్వు మీట నొక్కు."

నొక్కాను. అందరి ఇళ్ళలో ఉండే చట్రాలే కనిపించాయి. వాడు కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఎప్పుడు తీసేశావు?"

"పెట్టిన రెండు వారాలకి."

"డిస్కు పాతదేనా? చెరిపినవి వెదికి తీయొచ్చు."

"కాదురా. మార్పించాను."

"నువ్వూ ఫిర్యాదు చెయ్యలేదన్నమాట," అన్నాడు.

మళ్ళీ రాయమని నేను అనలేకపోయాను. పంతులమ్మకు నా బల్ల దగ్గరే కూర్చుని జవాబు రాశాడు. ఇక కుదరదు, వేరేది చూసుకోండి, ఇన్నాళ్ళూ వాడినందుకు సంతోషం. అంతే. టీ చల్లారిపోయింది.

పది రోజులకు వాళ్ళింటికి వెళ్ళాను. వెనక గది నిండా, కంప్యూటర్ మీద కూడా, బట్టలు ఆరేసి ఉన్నాయి. వంటింటి కిటికీ రెక్కకు తాడు బదులు కొత్త మడత బందు మెరుస్తోంది.

మరదలు గొంతు తగ్గించింది. "బాగుచేసేశారు బావగారూ. నాకు ఆ తాడే నయమనిపిస్తోంది."