చదవకుండా వదిలేసిన లైను

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తింటూ మా అత్తమ్మ నన్ను పిలిచింది.

"ఏందే, పప్పుల ఇంగువ ఎయ్యలేదా? వాసనే లేదు."

"ఏసిన అత్తమ్మా. నీ ముక్కు ముసల్దయినట్టుంది."

"నా ముక్కు గాదు, నీ చెయ్యే గట్లున్నది" అని నవ్వింది. నేనూ నవ్వాను. జబ్బు అక్కడే మొదలైందని తెలియలేదు.

మేం సూరత్‌లో గోడాదరాలో ఉంటాం. మా ఆయన బట్టల కార్ఖానాలో లూమ్ నడుపుతాడు. అత్తమ్మ, నేను ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరిస్తాం. మా మరిది సిపాయి. అప్పుడు శాంతి సేనతో ఆఫ్రికాలో, యుద్ధం జరుగుతున్న దేశంలో ఉన్నాడు. క్యాంపులో ఫోన్ కలవదు, ఉత్తరాలే. మా ఇంట్లో తెలుగు చదవడం నాకొక్కదానికే వచ్చు, అదీ ఐదో తరగతి దాకా. ఇలా నలుగురికీ రాయడం మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

మరునాడే మరిది ఉత్తరం వచ్చింది. అత్తమ్మ చేతిలో చీర పక్కన పెట్టి కూర్చుంది. కాల్పుల గురించి, అక్కడి తిండి గురించి చదివాను. తర్వాత ఇలా రాశాడు: "వదినె, మా క్యాంపుల కరోనా వచ్చినోళ్లకు ముందుగాల వాసన పోయింది. అమ్మకు గిట్ల అయితే ఆ రోజే టెస్ట్ చేపియ్యి."

అక్కడ ఆగిపోయాను. పాజిటివ్ అని తేలితే గల్లీకి అడ్డంగా కర్రలు కడతారు. మా ఆయనను కార్ఖానాలోకి రానివ్వరు.

"ఏమాయె, ఆగినవ్?"

"అక్షరాలు కలిసిపోయినయ్ అత్తమ్మా" అని కిందిది చదివాను.

ఐదు రోజులకు ఆమెకు ఆయాసం పట్టుకుంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ఆక్సిజన్ ఎనభై రెండు. సీటీ స్కాన్ చూసి డాక్టర్ "ఇత్నా లేట్ క్యోం?" అని, ఇంత ఆలస్యం ఎందుకని కోప్పడ్డారు. వాసన ఎప్పుడు పోయిందని అడిగారు.

"నిన్న" అన్నాను.

"సచ్ బోలో" అని, నిజం చెప్పమని గద్దించారు.

అప్పుడు ఆరు రోజులైందని చెప్పాను. మా ఆయన తల దించుకున్నాడు.

స్టెరాయిడ్లు ఇచ్చారు. షుగర్ పెరిగింది. కాస్త నయం అనుకున్న రోజే ఊపిరి అందక బైపాప్ మాస్క్ పెట్టారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. నర్సమ్మ వీడియో కాల్‌లో చూపిస్తే అత్తమ్మ చెయ్యి ఎత్తేది. నాకు ఫోన్ వైపు చూడబుద్ధి అయ్యేది కాదు.

ఇరవై రెండు రోజులకు ఇల్లు చేరింది. వారం తర్వాత, కొడుకు ఉత్తరం మళ్లీ చదవమంది. ఈసారి మొత్తం చదివాను.



"నన్ను సంపుకుందువు గదనే" అంది అత్తమ్మ. "వానికి రాయి. నువ్వు జేసింది జేసినట్టు రాయి."

రాశాను. నెలన్నరకు జవాబు వచ్చింది. "అమ్మా, వదినె సదివింది నేను ఇంక నమ్మ. ఈ ఉత్తరం పక్కింటోళ్లతోని గూడ సదివిచ్చుకో." ఆ లైను కూడా గట్టిగానే చదివాను.

అత్తమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుని, గోడ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, పక్కింటికి పోయింది. నేను వద్దనలేదు.

ఇప్పుడు ఆమె నడక కొంచెం మెరుగైంది. ఏ ఉత్తరం వచ్చినా ముందు నాతో చదివించుకుంటుంది, తర్వాత పక్కింటికి తీసుకుపోతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా వాసన తెలియకపోతే ఆ రోజే టెస్ట్ చేయించండి. గల్లీ మూస్తే మూయనివ్వండి.