మాత్రల కవరు మీద సూర్యుడు

గిద్దలూరులో మా మందుల షాపుకు వచ్చేవాళ్లలో చాలామందికి చదవడం రాదు. డాక్టరు చీటీ మీద రాసేది వాళ్లకు కోడిగీతలే. అందుకని నేను మూడు రబ్బరు స్టాంపులు చేయించాను. పొద్దున మాత్రకు కొండ మీద లేచే సూర్యుడు, మధ్యాహ్నానికి నడినెత్తి సూర్యుడు, రాత్రికి చంద్రుడు. మాత్రలు వేసిచ్చే కాగితం కవరు మీద ఠపీమని ముద్ర కొట్టి ఇస్తాను. ఫార్మసీ చదివినందుకు ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశానని నాకు నేనే మురిసిపోయాను. పక్క షాపువాళ్లు చూసి కాపీ కొడితే కోపం కూడా వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నన్ను కన్న మా అమ్మీయే అంటుంది. అబద్ధం కాదు.

మిరపకాయల కోతలప్పుడు ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె కొమరోలు దగ్గరి పల్లెనుంచి కోతలకు పోయే మనిషి, యాభై దాటింటుంది. ఏడాదిగా షుగరు మాత్రలు నా దగ్గరే తీసుకుంటోంది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. రెండో ఆమె ముఠా మేస్త్రి, అంటే కూలి ఆడవాళ్లను జమచేసి ఆటోలో పొలాలకు తీసుకుపోయే మనిషి. పెద్దమ్మ ఆ పొద్దున చేలోనే కళ్లు తిరిగి పడిపోయిందట. పదిహేను రోజుల్లో ఇది రెండోసారి. డాక్టరు గ్లూకోజు ఎక్కించి, షుగరు బాగా పడిపోయింది, మాత్రలు ఎట్లా వేసుకుంటోందో షాపులో కనుక్కోండని పంపించాడట.

మేస్త్రి కౌంటరు మీద మోచేయి ఆనించి, "ఇంకొక్కసారి పడితే ఆటో ఎక్కించుకోను. చేలో ఏమన్నా అయితే నేను ఎవురికి జవాబు చెప్పాల?" అంది.

పెద్దమ్మ తల వంచుకుంది. ఆటో ఎక్కకపోతే ఆమెకు కూలి లేదు. ఇంట్లో సంపాదించే మనిషి ఇంకొకరు లేరు.

నేనేం తక్కువ తిన్నానా, నేనూ అందుకున్నాను. రెండేసి మింగుతున్నావా, బొమ్మ కొట్టి ఇచ్చినా అర్థం కాదా అని గట్టిగానే అరిచాను. ఆమె సంచిలోంచి కవరు తీసి ఇచ్చింది. మాత్రలు లెక్కపెట్టాను. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ఈమె నేను చెప్పింది చెప్పినట్టు చేసింది, మరి తేడా ఎక్కడొచ్చింది? కోపం పోయి ఆరా మొదలైంది. స్టూలు వేసి కూర్చోబెట్టి, నిద్ర లేచిన దగ్గర్నుంచీ ఏమేం చేస్తావో ఒక్కటీ వదలకుండా చెప్పమన్నాను. ఏడాదిగా మందులు ఇస్తూ ఈ మాట ఒక్కసారీ అడగలేదు.

చీకటితోనే లేచి అన్నం వండి, సద్ది మూట కట్టుకుని ఐదున్నరకు ఆటో ఎక్కుతుందట. ఎక్కినదగ్గర్నుంచీ కొండవైపే చూస్తూ కూర్చుంటుందట.

"సూర్యుడు కొండ మీదికి వచ్చినాకనే వేసుకుంటన్నా పాపా. నువ్వు బొమ్మ కొట్టినావు గదా" అంది.

"మరి తిండి?"

"కోతలు మొదలైనాక పదకొండుకు గానీ సద్ది విప్పం. కడుపు నిండినాక వంగి కాయలు కోయలేము. నీళ్లు గూడా గుక్కెడే తాగుతాం. మగోళ్లు తిరిగే చేలో పక్కకు యాడికి పోతాం?"

అది అన్నం ముందర పెట్టుకుని వేసుకోవలసిన మాత్ర. వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. పొద్దున అంటే ఎనిమిదింటికి ఇడ్లీ తినే మా వీధి పొద్దునే నా లెక్క. సిగ్గేసింది నాకు. రంజాన్ నెలలో మా అమ్మీ మాత్రల వేళలు డాక్టరును అడిగి మార్చేది నేనే. తెల్లారకముందు తినే సహరీకి ఏది, పొద్దుగుంకినాక ఇఫ్తారుకు ఏది అని కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించేది నేనే. మా ఇంట్లో ఆకలి వేళ మారితే మందు వేళ మారుతుందని తెలుసు. ఊళ్లో వాళ్ల ఆకలి వేళ అడగాలని మాత్రం తోచలేదు!

డాక్టరుకు ఫోన్ చేశాను. తినబోయే ముందే వేసుకోమన్నాడు. వెంటనే పెన్ను తీసి కవరు మీద అన్నం పళ్లెం బొమ్మ గీసి, ఇట్లా స్టాంపు చేయిస్తానని గొప్పగా చూపించాను. పెద్దమ్మ మొదటిసారి నవ్వింది. అన్నం కనబడినాక కవరు ఎవురికి గుర్తుంటది పాపా అంది. తర్వాత తన సద్ది గిన్నెను గుడ్డలో పెట్టి, మూత మీద మాత్రల కవరు ఉంచి, పైన గట్టిగా ముడి వేసింది.

"ఇది విప్పందే ముద్ద నోట్లోకి పోదు."

నాకు అసూయ వేసిందంటే నమ్మండి.

ఆ ముడి పనిచేస్తోందో లేదో చూడాలని పది రోజులు కూడా ఆగలేకపోయాను. ఒక ఆదివారం షాపు మా అమ్మీకి అప్పగించి అదే ఆటో ఎక్కాను. నీకెందుకమ్మా ఈ ఎండ అని మేస్త్రి సణిగింది. గంటసేపు కాయలు కోసేసరికి నా నడుము నాది కాదు. పదకొండుకు అందరూ వేపచెట్టు కిందికి చేరి మూటలు విప్పారు.

నా కవరు పెద్దమ్మ మూటలోనే ఉంటుందనుకున్నాను. ఇంకో నాలుగు మూటల్లో కూడా నా కవర్లే, వాటి మీద నా సూర్యుడే. పెద్దమ్మను చూసి వాళ్లూ కట్టుకున్నారు. వాళ్లకూ తల తిరిగేదట. మొక్క పట్టుకుని నిలదొక్కుకునేవాళ్లట. చెబితే ఆటోలో చోటు పోతుందని ఎవరూ బయటపడలేదు. ఒక్కొక్క కవరూ తీసి చూశాను. ఒకామెది థైరాయిడ్ మాత్ర. అది పరగడుపునే వేసుకోవాలి తల్లీ, దీన్ని మూటలో కట్టకు అని చెప్పాను.

మేస్త్రి మాత్రం అటు తిరిగి కూర్చుని మూట విప్పుతోంది. నేను పక్కకు పోయేసరికి గిన్నె మూత మీద అరచేయి కప్పింది. వేళ్ల సందులోంచి సూర్యుడు కనిపించాడు. మా షాపు కవరే. ఎవరిచేతనో తెప్పించుకుంటోందట.

"నేను పడితే ఆటోనే రాదు. ఇంతమందికి కూలి పోతది. ఎవురితో చెప్పుకుందును?" అంది మెల్లగా.

చెట్టు అవతలినుంచి పెద్దమ్మ ఇటు చూడకుండానే అంది. "దాన్ని ఏమీ అనొద్దు పాపా. దానికి ముడి వేసేది రాదు. రోజూ ఆటోలో నేనే వేస్తన్నా."

మేస్త్రి చేయి తీసి మాత్ర వేసుకుంది. నేను ఆమె మొదటి ముద్ద తినేదాకా అక్కడే కూర్చున్నాను.