కొయ్యలు మూసినాక

యుద్ధం ముగిసినా మమ్మల్ని ఇండ్లకు పంపలేదు. మాది కోడుమూరు. మగ్గానికి నూలు దొరకని రోజుల్లో పటాలంలో లారీ డ్రైవరుగా చేరి ఇటలీ దాకా వచ్చి పడినాను. అక్కడ నాకు తోడు దొరికినోడు రాజంపేట మనిషి. తెలుగులో మాట్లాడుకోను మాకు మేమిద్దరమే.

ఒక దినం దగ్గరి పాత ఊళ్ళో గుర్రాల పందెమని, చూసి రమ్మని ఒక పూట సెలవిచ్చినారు. ఆరు గంటలకల్లా కోటవాకిలి దగ్గర లారీ ఎక్కాలన్నారు.

ఊరంతా ఎర్ర ఇటుకల మేడలు, వీధికొక రంగు జెండా. ఒక వీధివాళ్ళు పందెపు గుర్రాన్ని చర్చి లోపలికే తోలుకపోయి పాదిరి చేత దీవెన పెట్టించినారు. నా స్నేహితుడు నోరు తెరిచి చూసినాడు.

"అహోబిలంలో గుర్రాన్ని గుడి లోపలికి తోల్తే ఊరుకుంటారా అప్పా?" అన్నాడు. శానా దినాలకు ఇద్దరం నవ్వినాం.

పందెం జరిగేది ఊరి నడుమ పల్లంగా ఉన్న మైదానంలో. చుట్టూ మన్ను పరిచిన బాట గుర్రాలకు, మధ్యలో జనానికి చోటు.

"ఈడ వాకిలి దగ్గరే నిలబడదాం," అన్నాడు వాడు.

"ఇంత దూరం వచ్చి వెనక నిలబడేదేంది? రా," అని నేనే చెయ్యి పట్టి లోపలికి లాక్కపోయినాను.

కొంతసేపటికి మేం వచ్చిన దారికి అడ్డంగా కొయ్యలు వేసేసినారు, పందెం ముగిసేదాకా ఎవరూ బయటికి పోరాదంట. వెనక నుంచి జనం ఒత్తుకొచ్చింది. చెమట తుడుచుకోను చెయ్యి ఎత్తే సందు లేదు. నల్లబట్టల ముసలామె ఒకామె సొమ్మసిల్లి నా భుజం మీద ఒరిగింది. తేరుకునేదాకా పడిపోకుండా పట్టుకొని నిలబడినాను. జెండాల ఊరేగింపు ఎంతకూ తెగలేదు. ఐదున్నర దాటినాక కొయ్యల దాకా ఎట్లో తోసుకొని పోయి, పోలీసుకు గడియారం చూపించి బతిమలాడినాం. అతను తల అడ్డంగా ఊపినాడు.

"లారీ పోతాదప్పా," అన్నాడు స్నేహితుడు.

పందెం మాత్రం మూడు చుట్లు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తలల సందుల్లో నాకు గుర్రాల చెవులు కనిపించినాయి, అంతే. బయటపడి ఉరికేసరికి లారీ లేదు. నడిచి క్యాంపు చేరేసరికి తెల్లారింది. పదిహేను దినాలు క్యాంపు దాటరాదని శిక్ష వేసినారు.

ఆ వారమే ఇండ్లకు పోను ఓడ ఎక్కేవాళ్ళ పట్టీ చదివినారు. అందులో ఉన్న మా ఇద్దరి పేర్లూ కొట్టేసినారని గుమాస్తా చెప్పినాడు. నా స్నేహితునికి తాను వచ్చేసినాక పుట్టిన కూతురుంది. ఇంకా కండ్లతో చూడలేదు.

"నావల్లే అయింది," అన్నాను.

"నువ్వు రమ్మంటివి, నేను వస్తిని," అని గుడారం గుడ్డ పక్కకు తిరిగి పండుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడకుండా ఉండలేదు గానీ, పొడిగా రెండు మాటలు, అంతే. తెల్లారి లేస్తే ఒకే గుడారం, ఒకే తీగ కంచె. యాడికి పోయి తలదాచుకునేది?

నాలుగు నెలలకు ఓడ దొరికింది. గుంతకల్లులో నేను దిగితిని, వాడు అదే రైల్లో ముందుకు పోవాల. కిటికీలోంచి చెయ్యి చాపి, "ఒకతూరి మా ఇంటికి రాప్పా," అన్నాడు. వస్తానని చెప్పినాను. పోలేదు. పోవాలని సంచి సర్దుకున్న దినాలు కూడా ఉన్నాయి. ఆ బిడ్డ వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చెప్పాలో నాకు తెలియలేదు.