ముల్లు అరవై మీదే ఉంది

ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. అరవై. ఎవరింట్లోనైనా షష్టిపూర్తి అని పిలుపు వచ్చినా నాకు లోపల కలుక్కుమంటుంది. మామూలు బరువైతే ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు. ఇంట్లో చెప్పుకోలేను, స్నేహితులతో అనలేను. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేను మంగళగిరిలో బట్టల వ్యాపారం చేసుకునే మనిషినని మీకు తెలిస్తే చాలు. మాట మీద నిలబడతాడని ఊళ్లో పేరు కూడా ఉంది. ఆ పేరు కోసమే ఇదంతా జరిగింది.

టైర్ల దగ్గర మొదలుపెట్టాలి. నవ్వకండి.

నాకో జీపు ఉండేది. నేతగాళ్ల ఊళ్లకు రోజూ తిరగాలి, వానాకాలం కాలువ గట్ల మీద నల్లమట్టిలో మామూలు కారు దిగబడుతుంది, కాబట్టి జీపు కావాలన్నది నిజమే. కానీ దాన్ని ఇంకా ఎత్తు లేపించడం మాత్రం అవసరం కాదు, సరదా. ఎత్తు లేపాక పాత టైర్లు బండికి మరీ చిన్నగా కనిపించాయి. కొత్తవి కొందామని విజయవాడ ఆటోనగర్‌లో ఒక టైర్ల షాపుకు వెళ్లాను. ఆ షాపాయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. ఎప్పుడన్నా బురదలోకి దింపే బండా, రోజూ తిరిగే బండా అని ముందే అడిగాడు. రోజూ తిరిగేదే అన్నాను. అయితే ముప్పై ఒక్క అంగుళాలవి చాలు, అంతకు మించి వద్దన్నాడు. నా కళ్లు అప్పటికే పక్కనున్న ముప్పైమూడు అంగుళాల వాటి మీద ఉన్నాయి.

ఆయన చెప్పాల్సిందంతా చెప్పాడు. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఆ సంగతి మీటరుకు తెలియదు, అది పాత లెక్కే చూపిస్తుంది. ముల్లు అరవై మీద ఉందంటే బండి డెబ్బై దాటి పోతున్నట్టు. బ్రేకు వేసినా ఆగడానికి ఇంకాస్త దూరం పడుతుంది. మీటరు సరిచేయించుకోండి, ఈలోగా ఎవరికి బండి ఇచ్చినా ఈ మాట చెప్పి ఇవ్వండి అన్నాడు. నేను తలూపాను. ముప్పైమూడే వేయించుకున్నాను.

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని వారంలోనే తెలిసింది. నలభై రెండు కిలోమీటర్ల ఊరికి వెళ్తే మీటరు ముప్పై ఆరే చూపించింది. సరిచేయించుదాం, చేయించుదాం అనుకుంటూ నెలలు గడిపాను. నాకు ఇబ్బంది లేదు కదా. ముల్లు ఎంత చూపిస్తే దానికి పది కలుపుకునేవాణ్ణి. అలవాటైపోయింది.

ఇక బావ. అంటే మా అక్క భర్త. నేతగాడు, మంచి పనివాడు, నోట్లో వేళాకోళం తప్ప ఇంకే చెడ్డ అలవాటూ లేదు. ఆ టైర్లు చూసిన రోజు నుంచి నన్ను వదల్లేదు. బండికి బూట్లు పెద్దవైపోయాయి, లేసులు కట్టావా అనేవాడు. పదిమందిలో అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి, లోపల మండేది. మా అక్క కూడా నవ్వేది. అదే ఎక్కువ మండేది.

అక్క కూడా మగ్గం మీద కూర్చునేది. ఆ సంవత్సరం కూచిపూడిలో నాట్యం నేర్పే ఒకావిడ, పిల్లలు సాధన చేసేటప్పుడు కట్టుకోవడానికి చిన్న అంచు నూలు చీరలు కావాలని అడిగితే అక్క తనే నేసింది. తనే ఇచ్చి వస్తానంది. నాకు విజయవాడ గవర్నర్‌పేటలో హోల్‌సేల్ షాపులో పని ఉంది, నేను బస్సులో పోతాను, జీపు మీరు తీసుకెళ్లండి అని బావ చేతిలో తాళం పెట్టాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. మీటరు తక్కువ చూపిస్తుంది, పది కలుపుకో బావా అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అప్పుడే బావ అక్క వైపు తిరిగి, పద, బూట్లేసుకుని కూచిపూడి పోదాం అన్నాడు. అక్క పకపకా నవ్వింది. నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు మీటరు సంగతి చెబితే, అదన్నమాట నీ బూట్ల భాగోతం అని ఇంకో నెల రోజులు ఆడుకుంటాడు. ఎందుకు? జాగ్రత్తగా నడిపేవాడే కదా. అంతే. అంత చిన్న సంగతి.

మధ్యాహ్నం తిరిగి వస్తుంటే పామర్రు దాటాక పక్కదారి నుంచి వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరు రోడ్డెక్కింది. బావ బ్రేకు వేశాడు. బండి ఆగాల్సిన చోట ఆగలేదు. ఎడమవైపు ముందు భాగం వెళ్లి ట్రాక్టరు వెనకున్న ట్రక్కుకు కొట్టుకుంది. ఎడమవైపు కూర్చున్నది అక్క. మోకాలు నుజ్జయింది.

విజయవాడ ఆసుపత్రిలో బావ అందరికీ ఒకటే మాట చెప్పాడు. అరవైలోనే వస్తున్నాను, ముల్లు చూస్తూనే ఉన్నాను అని. అక్క నమ్మింది. ఆపరేషనుకు తీసుకెళ్తుంటే, ఆయన్నేమీ అనకండి అని మాకు చెప్పి మరీ వెళ్లింది. మోకాలు ఇక పూర్తిగా వంగదన్నారు డాక్టర్లు. గుంటమగ్గం మీద కాళ్లు గుంటలోకి దించి కూర్చోవాలి, కాళ్లతో తొక్కుతూ నేయాలి. చేతులు ఎంత బాగున్నా కాలు లేకపోతే నేత లేదు. అక్క ఇప్పుడు కండెలకు నూలు చుడుతుంది. వేరేవాళ్లు నేయడానికి.

మూడో రోజు వార్డు బయట మా బాబాయి గొంతు పెంచాడు. తప్పంతా ఆ బండిది, ఆ రాక్షసి టైర్లతో అది ఆగుతుందా, ఎవడు వేయించమన్నాడు అని. అందరూ నా వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే నా ఫోనుకు జరిమానా మెసేజీ వచ్చింది. బండి నా పేరున ఉంది కదా. హైవే మీద కెమెరా తీసిన ఫొటో. మా జీపే. ట్రాక్టరుకు కొట్టుకోవడానికి కొద్ది నిమిషాల ముందు. వేగం డెబ్బై ఒకటి.

ఆ అంకె చూడగానే నాకు అర్థమైపోయింది. పది కలుపుకునే అలవాటున్నవాడికి తీసేయడం రాదా? డెబ్బై ఒకటంటే ముల్లు అరవై మీద ఉన్నట్టు. బావ చెప్పింది చెప్పినట్టు నిజం. ఆ కెమెరా బావ నిజాయితీకి రుజువు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రుజువు చదవగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

నేనేం చేశాను? ఫోను తీసుకెళ్లి అక్కకు చూపించాను. చూడక్కా అన్నాను. ఆ రెండు మాటలే. అక్క చూసింది, బావ వైపు చూసింది, మళ్లీ ఫోను వైపు చూసింది. బాబాయి టైర్లను వదిలేసి బావ మీద పడ్డాడు. నేను బతికిపోయాను. ఎవరూ అడగకుండానే ఎందుకు చూపించానని ఈ ఆరేళ్లలో ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో లెక్కలేదు. భయమా? భయమైతే ఊరుకునేవాణ్ణి. చూపించడం వేరు. బూట్లని నవ్విన నోరు మూతపడుతుందని నాలో ఏ మూలో సంతోషం ఉందా? ఉంది. ఇది నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా ఎప్పుడూ ఇంత సూటిగా అనుకోలేదు.

అక్క ఇంటికి వచ్చాక బావ కొండెక్కాడు. పానకాల స్వామికి పానకం పోయించి, ముల్లు అరవై దాటలేదని ప్రమాణం చేసి, మిగిలిన పానకం తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. స్వామి సగం తాగి సగం భక్తుడికే వదిలేస్తాడంటారు. అక్క ఆ చెంబు ముట్టుకోలేదు. ఆ సాయంత్రం నాతో ఒక్క మాటంది.

“కాలు పోయినందుక్కాదురా నా ఏడుపు. పక్కన కూర్చుని నమ్మాను చూడు, అందుకు. ఇప్పుడు దేవుడి మీద గూడా ఒట్టేశాడు.”

అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. చెప్పకపోగా, బండి బాగుచేయించేటప్పుడు ఆ పెద్ద టైర్లు నాలుగూ తీయించి పాతవే వేయించాను. వాటిని చూస్తేనే భయమేస్తోందని ఇంట్లో చెప్పాను. నా మంచితనానికి అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత ఒక ఉదయం బావ మా ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. అరుగు మీద కూర్చున్నాడు.

“బామ్మర్దీ, ఒకటడుగుతా, తప్పుగా అనుకోవుగా?”

“అడుగు బావా.”

“నీ బండి మీటరు సరిగ్గానే చూపిస్తదా?”

“సరిగ్గానే చూపిస్తది. ఏం?”

“ఏం లేదు. నేను ముల్లు చూశాను. నా కళ్లతో చూశాను. అరవై మీదే ఉంది. ఒకసారి పోయి చూద్దామా? అరవైలో పోతే నిమిషానికో కిలోమీటరు రాయి రావాలి గదా. నేను వాచీ పట్టుకుంటా, నువ్వు నడుపు.”

“పద బావా.”

ఎంత తేలిగ్గా అన్నానో. పాత టైర్లు కదా. హైవే ఎక్కి ముల్లు అరవై మీద నిలబెట్టాను. బావ వాచీ వైపు, రాళ్ల వైపు మార్చి మార్చి చూశాడు. మొదటి రాయి నిమిషానికి వచ్చింది. రెండోది నిమిషానికి వచ్చింది. అయిదు రాళ్లు చూశాడు. ఆరోదానికి వాచీ ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టేసుకున్నాడు.

“సరిగ్గానే ఉంది. అయితే నేనే సరిగ్గా చూసుకోలేదేమోలే. నీ బండిని అనుమానించా, ఏమనుకోకు.”

“ఫర్వాలేదులే బావా.”

“ఆ బూట్లు తీసేసి మంచి పని చేశావు.”

ఆయన నన్ను క్షమాపణ అడిగాడు, నేను క్షమించాను. ఆ వాక్యం రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ రోజే ఇంటికెళ్లి అక్కతో, వేగంగా నడిపాను, నీతో అబద్ధం చెప్పాను అన్నాడట. చేయని తప్పు ఆయన ఒప్పుకున్నాడు. అక్క అన్నం వడ్డించింది. కాపురం నిలబడింది. కానీ అప్పటి నుంచి ఆయన మాట ఆ ఇంట్లో చెల్లదు. వాన పడుతోందంటే అక్క వాకిట్లోకి వచ్చి చూస్తుంది. పూజారి గారు కనిపించారంటే, ఎక్కడ, ఎప్పుడు అని అడుగుతుంది. బావ విసుక్కోడు. ఆమెకు ఆ హక్కుందనుకుంటాడు.

వాళ్లింటికి వెళ్లి మగ్గం పక్కన కూర్చుంటే నా చూపు బట్ట చుట్టే కర్ర మీదే ఉంటుంది. నేసిన బట్ట కర్రకు చుట్టుకుంటూ లావెక్కుతుంది. లావెక్కినకొద్దీ ఒక్క చుట్టుకు ఎక్కువ బట్ట లాక్కుంటుంది. ఇది నేతగాడికి ఎవరూ నేర్పక్కర్లేదు, చేతులకే తెలుసు. టైరు అనే ఒక్క మాట నేను అని ఉంటే బావకు అర గడియలో అర్థమయ్యేది. ఆయన ఆ కర్ర తిప్పుతున్నప్పుడల్లా, ఇవాళ తడుతుందేమో, ఇప్పుడు నా వైపు తిరుగుతాడేమో అనుకుంటాను. తిరగడు. తిరిగినా, కాఫీ తాగుతావా అని అడగడానికే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లో అందరూ ప్రేమగా చూస్తుంటే ఇక పట్టేదెవరు?

జీపు అమ్మేశాను. ఆ టైర్లూ ఎవరికో ఇచ్చేశాను. పీడ వదిలిందనుకున్నాను.

మొన్న ఆదివారం మా మేనకోడలు, అక్క కూతురు, కారు నేర్చుకుంటూ వాళ్ల నాన్నను పక్కన కూర్చోమంది. బావ చీర మడత పెడుతూ తలెత్తకుండానే అన్నాడు.

“నన్నొద్దమ్మా. నాకు స్పీడు తెలీదు. మావయ్యనడుగు, ఆయనకి బాగా తెలుసు.”

వేళాకోళం కాదు. ఆయన వేళాకోళం ఆడి ఆరేళ్లయింది. నేను వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. హైవే ఎక్కాక, అరవైలో ఉన్నాను మావయ్యా, చాలా అని అడిగింది. ఆపెయ్యమ్మా అన్నాను. రోడ్డు పక్కన దిగి, వాంతి వస్తోందని చెప్పి, ఒక కిలోమీటరు రాయి పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. అక్కకు చెబుతానా? తెలియదు. చెబితే ఆమెకు భర్త తిరిగొస్తాడు, తమ్ముడు పోతాడు. ఈ లెక్క తెలిసి కూడా ఆరేళ్లు తమ్ముడిగానే కూర్చుని ఆమె చేతి అన్నం తిన్నాను. మీరు నన్ను ఏమనుకున్నా సరే, క్షమించమని మాత్రం అడగను. ఆ మాట అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఎక్కడో ఒక చోట, ఒక్కసారైనా, ఇది నా చేత్తో రాసి ఉండాలి. రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.

మా బావ అబద్ధం ఆడలేదు. ముల్లు అరవై మీదే ఉంది.